చలినెలలలో లూపస్ రోగి యిల్లు

కార్తికము మొదలు మాఘము వరకు మన తెలుగునాట చలి మిక్కుటముగా నుండు కాలము. ఆదిలాబాదు ప్రాంతమునను, లంబసింగి కొండలమీదను ఉష్ణమాపకము పది డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువకు జారిన వార్తను ఏటేట వినుచునే యుందుము. తీరపు జిల్లాలలో అంతటి చలి లేకున్నను తెల్లవారుజామున మంచు, పగలు ఎండ, రాత్రి తలుపులు బిగించిన గదులు. ఈ దినములలో జలుబు చేయని యిల్లుండదు. నాలుగు తుమ్ములు, రెండు దినముల జ్వరము, మిరియాల చారు, ఆపై మామూలే. ఇంటికిది పండుగ పనుల నడుమ వచ్చిన చిన్న అంతరాయము మాత్రమే. కాని అదే జలుబు, అదే యింటిలో మరియొకరిని ఆసుపత్రి పాలు చేయవచ్చును. నేటి ప్రసంగము ఆ మరియొకరిని గురించినది.

మన దేహములో బయటినుండి వచ్చు సూక్ష్మజీవులను కనిపెట్టి, వానితో పోరాడు రక్షణవ్యవస్థ యొకటి యున్నది. కొందరిలో అది దారితప్పి, స్వజనమును పరులుగా భ్రమించి, తన దేహము మీదనే దాడి చేయును. కీళ్లలోని పొరపై పడినచో రుమటాయిడ్ కీళ్లవాతము. కన్నీటి గ్రంథులను, లాలాజల గ్రంథులను ఎండగట్టినచో షోగ్రెన్ వ్యాధి. చర్మమును తోలువలె బిగించినచో స్క్లెరోడెర్మా. చర్మము, కీళ్లు, మూత్రపిండములు, రక్తకణములు - ఇన్నింటిలో దేనినైనను పట్టి పీడించునది లూపస్. లాటిన్ భాషలో లూపస్ అనగా తోడేలు. వీని నన్నింటిని కలిపి ఆటోఇమ్యూన్ వ్యాధులందురు. ఇవి అంటువ్యాధులు కావు. ఈ మాటను గట్టిగా చెప్పవలసి వచ్చుచున్నది. ఏలయన లూపస్ రోగి ముఖముమీది ఎఱ్ఱని మచ్చలను చూచి ప్రక్కకు తొలగువారు నేటికిని ఉన్నారు. నిజమునకు భయపడవలసినది రోగి. రోగివలన మనకు రాదు, మనవలన రోగికి వచ్చును.

లూపస్ సోకిన ప్రతి పదిమందిలో సుమారు తొమ్మండుగురు స్త్రీలు. అందును బిడ్డలను కని పెంచు వయస్సువారే హెచ్చు. అనగా, ఇంటిలో ఎవరికి రొంప పట్టినను ముక్కు తుడిచి, గంజి కాచి, రాత్రంతయు ప్రక్కన కూర్చుండవలసిన మనిషే ఈ రోగి. దూరముగా నుండుమని వైద్యుడు చెప్పును. చంటిబిడ్డ తల్లి ఎట్లు దూరముగా నుండగలదు? చలికాలపు జాగ్రత్తలను గురించి వ్రాయువారు సాధారణముగా ఈ ప్రశ్నను దాటవేయుదురు. మేము మాత్రము ఈ ప్రసంగములో ఎక్కువ కాలమును దీనికే వినియోగింపదలచితిమి.

ముందుగా మందుల సంగతి. మేము వైద్యులము కాము. వైద్యులను ప్రసంగములకు పిలుచుట, వారు చెప్పినది శ్రద్ధగా వినుట, శ్రోతల యుత్తరములను చదువుట మా వృత్తి. ఆ యుత్తరములలో నొకటి మమ్ము ఆలోచింపజేసినది. వ్రాసినవారు గోదావరి ప్రాంతపు ఉపాధ్యాయులు. వారి యిల్లాలికి లూపస్. "మందులే దేహశక్తిని తగ్గించుచున్నవట గదా, ఈ చలి నాలుగు నెలలు మందులు మానిపించినచో జలుబులు రాకుండునని మా అమ్మ అనుచున్నది, నిజమేనా?" అని వారు ప్రశ్నించిరి.

ఆ పెద్దామె మాటలో సగము నిజమున్నది. రక్షణవ్యవస్థ తన దేహమునే కొరుకుచున్నప్పుడు దానికి కళ్లెము వేయుట తప్ప వైద్యునకు వేరు మార్గము లేదు. కళ్లెము బిగించినకొలది బయటి శత్రువుతో పోరు శక్తియు కొంత తగ్గును. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్లవాతముతో మంచము పట్టిన ఒక యువతికి కార్టిసోన్ ఇంజక్షనులిచ్చెను. కొలది దినములలోనే ఆమె లేచి నడచెను. 1950లో ఆయనకు, మరియిద్దరు రసాయన శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించెను. నేడు మన మందుల దుకాణములలో దొరకు ప్రెడ్నిసొలోన్ ఆ జాతిదే. కీళ్లవాతమునకు వాడు మరియొక ముఖ్యమైన మందు మెథోట్రెక్సేటు. దీని చరిత్రలో మన వాడొకడున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున నడిపిన బృందమే ఈ మందును సృష్టించినది. రక్తపు క్యాన్సరుకని తయారైన ఆ మందు, చాల తక్కువ మోతాదులో కీళ్లవాతమునకు పనికివచ్చునని తరువాత తేలినది. 1988లో అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ దానికి అనుమతి నొసగినది. సుబ్బారావుగారు 1948లోనే కీర్తిశేషులైరి. తన మందును మింగి కోట్లమంది వ్రేళ్లు వంకరపోకుండ నిలుపుకొందురని ఆయన యెరుగడు.

కావున పెద్దామె సందేహము అర్థము లేనిది కాదు. మిగిలిన సగము మాత్రము ప్రమాదకరము. మందు మానినచో వ్యాధి తిరిగి రేగును. రేగిన లూపస్ తానే దేహమును అంటురోగములకు లొంగదీయును. అంతకంటె ముఖ్యమైన దొకటి. ప్రెడ్నిసొలోన్ దీర్ఘకాలము వాడినవారిలో మూత్రపిండములమీది అడ్రినల్ గ్రంథులు తమ పనిని తగ్గించుకొని నిద్రపోవును. హఠాత్తుగా మాత్ర మానినచో, అందును జ్వరములో మానినచో, రక్తపుపోటు పడిపోయి ప్రాణము మీదికి వచ్చును. ఈ మందును తగ్గించుట మెట్లు దిగుటవంటిది. ఆ మెట్లను లెక్కపెట్టవలసినవాడు వైద్యుడు. జ్వరము వచ్చినప్పుడు దీనిని మానుట కాదు, ఒక్కొక్కప్పుడు పెంచవలసి యుండును. మెథోట్రెక్సేటు సంగతి వేరు. గట్టి అంటురోగము పట్టినప్పుడు దానిని తాత్కాలికముగా ఆపుమని వైద్యులు చెప్పుటయు కలదు. ఒకే చీటీలోని రెండు మందులకు రెండు విరుద్ధమైన నియమములు! అందుచేత "జ్వరము వచ్చినచో ఏది ఆపవలెను, ఏది ఆపరాదు" అని రోగి ఆరోగ్యముగా నున్నప్పుడే అడిగి, కాగితముమీద వ్రాయించుకొని, ఆ కాగితమును మందుల డబ్బాలోనే ఉంచుకొనవలెను. అర్ధరాత్రి జ్వరములో జ్ఞాపకము పనిచేయదు.

జ్వరమనగా ఎంత? నూట దశాంశము నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్, అనగా థర్మామీటరులో 100.4. ఆరోగ్యవంతునకిది గొప్ప జ్వరము కాదు. కళ్లెపు మందులు వాడువారు మాత్రము ఈ అంకెను చూచినదినమే వైద్యునకు తెలియజేయవలెను. ఇంకొక చిక్కున్నది. ప్రెడ్నిసొలోన్ జ్వరమును కప్పిపుచ్చును. లోపల ఊపిరితిత్తులకు చీము పట్టుచున్నను నుదురు చల్లగానే ఉండవచ్చును. కావున "ఒళ్లు వెచ్చగా లేదు గదా" అని యూరకుండరాదు. ఆయాసము, వణుకు, ఛాతిలో నొప్పి, మాట తడబాటు, మూత్రము తగ్గుట - వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగరాదు.

ఇక చలికిని జలుబునకును గల సంబంధము. తలంటి పోసికొన్నందున, పెరుగు తిన్నందున, మంచులో ముగ్గు పెట్టినందున రొంప పట్టినదని మన యిండ్లలో వినని దినముండదు. రొంపను తెచ్చునది వైరసు. అట్టివి రెండువందలకు పైగా నున్నవని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఆ వైరసు రానిదే ఎంత మంచులో నిలిచినను జలుబు రాదు. అయినను పెద్దలు చలిని అనుమానించుట పూర్తిగా వట్టిది కాదు. చల్లని పొడిగాలిలో కొన్ని వైరసులు హెచ్చుకాలము నిలుచును. ముక్కు లోపలి పొర ఎండిపోయి కాపలా తప్పును. అన్నింటికి మించి, చలికి తలుపులు మూసికొని పదిమందిమి ఒకే గదిలో కూర్చుండి, ఒకరు విడిచిన గాలిని మరియొకరము పీల్చుచుందుము. పెరుగు మానుటకంటె కిటికీ తెరచుట మేలు. ఎదురెదురు కిటికీలు రెండు పగటివేళ కొంతకాలము తెరచియుంచిన గదిలో రోగికి గల అపాయము చాల తగ్గును. దుప్పటి ఒకటి హెచ్చుగా కప్పుకొనవచ్చును గాని గాలిని మాత్రము ఆపరాదు.

బిడ్డకు జలుబు చేసినప్పుడు తల్లి యేమి చేయవలెను? మేము ఈ ప్రశ్ననడిగిన వైద్యులెవరును "బిడ్డను తాకకుము" అని చెప్పలేదు. చెప్పినను ఆమె వినదని వారికి తెలియును. వారు చెప్పినది ఇది. ఆ రెండు మూడు దినములు రాత్రి కాపలాను తండ్రియో, అమ్మమ్మయో తీసికొనవలెను. బిడ్డ తల్లి ముఖమునకు ముఖము చేర్చి పడుకొనుట ఆ దినములకు మానవలెను. దగ్గర కూర్చుండునప్పుడు తల్లి మంచి ముఖకవచమును, ఎన్-95 అనుదానిని, ముక్కుకు బిగియునట్లు ధరింపవలెను. ముక్కుకు చుట్టుకొన్న మఫ్లరు దానికి సాటి కాదు. ముక్కు తుడిచిన గుడ్డ తల్లి ఉతుకరాదు, వేరొకరు ఉతుకవలెను. సబ్బుతో ఇరువది సెకండ్లు చేతులు కడుగుకొనవలెను. ఇందులో తల్లి చేయవలసినవి తక్కువ. ఇతరులు చేయవలసినవి హెచ్చు. రోగి జాగ్రత్త రోగి యొక్కతె చేతిలో లేదు. మగవారు రాత్రి లేచి బిడ్డకు నీరిచ్చుట నేర్చుకొన్న యిండ్లలో ఈ వ్యాధిగ్రస్తులు చలికాలమును సుఖముగా దాటుదురని మా అభిప్రాయము.

బయటినుండి రాగానే వాకిట చెంబెడు నీళ్లతో కాళ్లుచేతులు కడుగుకొని లోనికి వచ్చు ఆచారము మనకుండెడిది. అపార్టుమెంటుల కాలమున వాకిలియు పోయినది, చెంబును పోయినది. దానిని తిరిగి తెచ్చుట కష్టము కాదు. గుమ్మము ప్రక్కనే చేతులు కడుగు తొట్టి యున్నచో అతిథికి చూపవచ్చును. అట్లే కరచాలనమునకు మారుగా చేతులు జోడించుట మనకు క్రొత్తగా నేర్పవలసిన పని కాదు.

వ్యాధినిరోధకశక్తిని పెంచునవి యను పేరుతో అమ్ముడగు పొడులను, కషాయములను గురించి ఒక మాట. 2020 తరువాత ఇవి ప్రతి యింటి అలమారలోను చేరినవి. ఆటోఇమ్యూన్ రోగికి కావలసినది రక్షణవ్యవస్థను ఎగద్రోయుట కాదు. ఇప్పటికే అది అదుపుతప్పి యున్నది. 2021లో ముంబయి వైద్యులు, తిప్పతీగ కషాయమును సేవించిన కొందరిలో కాలేయము దెబ్బతిన్నదని, వారిలో కొందరికి అంతకుముందే ఆటోఇమ్యూన్ లక్షణములున్నవని ప్రకటించిరి. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ణయమును అంగీకరింపలేదు. వాదము నెట్లున్నను, లూపస్ రోగి అట్టి మందును వైద్యునకు చెప్పక త్రాగరాదనుట నిర్వివాదము. మిరియాల చారును, అల్లపు తేనీటిని ఎవరును కాదనరు.

ఆ 2020 సంవత్సరముననే జరిగిన మరియొక సంగతి కూడ చెప్పదగినది. లూపస్ రోగులు ఏండ్ల తరబడి వాడు హైడ్రాక్సీక్లోరోక్విన్ అను మాత్ర కోవిడ్‌కు దివ్యౌషధమని లోకమంతట ప్రచారమైనది. ఆరోగ్యవంతులు దానిని డబ్బాలు డబ్బాలుగా కొనిరి. నిజముగా కావలసినవారు దుకాణము వెంట దుకాణము తిరిగిరి. అదే యేడు జూన్ మాసమున ఇంగ్లండులో జరిగిన పెద్ద పరిశోధనలో, ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు దానివలన లాభము లేదని తేలినది. అప్పటినుండి కొందరు రోగులు ఒక నెల మందు ముందుగానే ఇంటనుంచుకొనుట అలవాటు చేసికొనిరి. ఇది మంచి అలవాటే. సంక్రాంతికి ఊరికి పోవువారు మందుల చీటీని, వారము దినములకు హెచ్చుగా మందులను వెంట తీసికొనిపోవలెను. పండుగనాడు పల్లెలో దుకాణము తెరచియుండునన్న నమ్మకము లేదు.

టీకాల విషయము. ఇన్‌ఫ్లుయెంజా, అనగా ఫ్లూ, వట్టి జలుబు కాదు. 2015 జనవరిలో స్వైన్ ఫ్లూ హైదరాబాదును ఎంత కలవరపెట్టినదో శ్రోతలకు జ్ఞాపకముండును. మన దేశమున ఫ్లూ వానలకాలమున ఒకసారి, జనవరి మొదలు మార్చి వరకు మరియొకసారి విజృంభించును. ఈ వైరసు ఏటేట వేషము మార్చును గనుక టీకాయు ఏటేట వేయించుకొనవలెను. వేసిన రెండు వారములకు గాని అది పనికి రాదు. కావున చలి ముదిరినపిమ్మట తొందరపడుటకంటె దీపావళి నాటికే వేయించుకొనుట మేలు. న్యుమోనియాను తెచ్చు న్యూమోకాకస్ సూక్ష్మజీవికి వేరే టీకాలున్నవి. ఏది ముందు, ఏది వెనుక యనుట వైద్యుడు నిర్ణయించును. సూదితో వేయు ఈ టీకాలలో బ్రతికియున్న సూక్ష్మజీవి లేదు. తట్టు, అమ్మవారు వంటి వానికి వేయు కొన్ని టీకాలలో బలహీనపరచిన సజీవ వైరసు ఉండును. కళ్లెపు మందులు వాడువారికి సాధారణముగా అట్టివి వేయరు. టీకా వేయు చోట "నేను ఫలానా మందులు వాడుచున్నాను" అని చెప్పక చేయి చాపరాదు.

కళ్లెపు మందులలో కొన్ని టీకా పనినే తగ్గించును. రిటుక్సిమాబ్ అను ఇంజక్షను వాడువారికి ఆ ఇంజక్షనుకు, టీకాకు నడుమ వ్యవధి పాటింపవలెను. ఫ్లూ టీకా వేసినపిమ్మట రెండు వారములు మెథోట్రెక్సేటు ఆపుమని, వ్యాధి అదుపులో నున్నచో, కొందరు వైద్యులు సలహా నిత్తురు. రోగికి టీకా సగమే పనిచేసినను, ఇంటిలోని వారందరును వేయించుకొన్నచో ఆమె చుట్టు కోట కట్టినట్లగును. అత్తగారికి, భర్తకు, బడికి పోవు పిల్లలకు వేయించు టీకాయే కోడలికి రక్ష. ఒకవేళ ఫ్లూ సోకినచో, దానికి మందున్నది. మొదటి నలుబదియెనిమిది గంటలలో మొదలిడినప్పుడే దాని ప్రయోజనము హెచ్చు. నాలుగు దినములు చూతమనుట ఇక్కడ తగదు.

పండుగలు, వేడుకలు. కార్తిక వనభోజనములకు రోగి నిస్సంకోచముగా పోవచ్చును. చెట్టు క్రింద గాలికి లోటు లేదు. మూసిన కల్యాణమంటపము వేరు. అక్కడ ముఖకవచముతో అక్షతలు వేసి, ఆరుబయట కొంతసేపు కూర్చుండి వచ్చుట మర్యాదకు లోపము కాదు. అయ్యప్ప దీక్ష పూనినవారు నలుబదియొక్క దినములు తెల్లవారుజామున చన్నీటి స్నానము చేయుదురు, పాదరక్షలు లేక నడతురు. చలికి వ్రేళ్లు తెల్లబడి మొద్దుబారు లక్షణము లూపస్, స్క్లెరోడెర్మా రోగులలో తరచు కనబడును. పగిలిన మడమలనుండి సూక్ష్మజీవులు లోనికి పోవును. ఇట్టివారు ముందుగా వైద్యునితోను, పిదప గురుస్వామితోను మాటాడుకొనుట మంచిది. భోగిమంటను దూరమునుండి చూడవచ్చును, పొగ పీల్చరాదు. సంక్రాంతికి హైదరాబాదునుండి కోస్తాకు పోవు రైళ్లలో కాలు మోప చోటుండదు; పండుగకు నాలుగు దినముల ముందో వెనుకనో ప్రయాణము పెట్టుకొనగలవారు ధన్యులు. ఇరుగుపొరుగువారు ప్రేమతో "నీరెండలో కూర్చుండుమమ్మా" అందురు. కీళ్లవాతమునకు ఆ వెచ్చదనము హాయియే. లూపస్ రోగికి మాత్రము చలికాలపు ఎండయు వ్యాధిని రేపవచ్చును. పమిట తలమీదికి లాగుకొని నీడపట్టున కూర్చుండవలెను.

మందుల దుకాణమున జరుగు రెండు ప్రమాదములను గురించి చెప్పక ముగింపరాదు. మెథోట్రెక్సేటు వారమునకు ఒక్క దినము మాత్రమే వేసికొనవలసిన మందు. దానిని దినదినమును మింగి ప్రాణములు పోగొట్టుకొన్నవారున్నారు. ఏ వారమో చీటీమీద పెద్ద అక్షరములతో వ్రాయించుకొని, ఇంటిలో మరియొకరికి కూడ తెలియజెప్పవలెను. రెండవది: దగ్గు, మూత్రపు మంట యని దుకాణమువానిని అడిగి మాత్రలు కొనుట. కోట్రైమోక్సజోల్ అను సాధారణమైన మందు మెథోట్రెక్సేటుతో కలిసినచో ఎముకలలోని మూలుగు రక్తకణములను పుట్టించుట మానివేయవచ్చును. కావున ఏ క్రొత్త మందు కొన్నను పాత చీటీని ముందు చూపవలెను.

చివరగా, వీడని దగ్గు. చలికాలపు దగ్గు రెండు వారములలో తగ్గవలెను. తగ్గనిచో అది క్షయ కావచ్చును. మన దేశమున అనేకుల ఊపిరితిత్తులలో క్షయ బీజము ఏండ్ల తరబడి నిద్రించుచుండును. కీళ్లవాతమునకిచ్చు కొన్ని క్రొత్త ఇంజక్షనులు దానిని మేల్కొల్పును. అందుచేతనే అట్టి ఇంజక్షను మొదలిడుటకు ముందు వైద్యులు ముంజేతికి సూది వేసి పరీక్షింతురు, ఛాతికి ఎక్స్‌రే తీయింతురు. ఆ పరీక్షలు సరిగా వచ్చినవారు కూడ తరువాత రెండు వారములు దాటిన దగ్గును, సాయంకాలపు జ్వరమును, తగ్గు బరువును చలిమీదికి నెట్టరాదు. కఫపరీక్ష ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా చేయుదురు. ఉదయము లేవగానే వచ్చిన కఫమును వారిచ్చిన డబ్బాలో పట్టి ఇచ్చినచో చాలును.